పట్టు – విడుపు: పొయ్యిలోని గాలి, మనస్సులోని నిగ్రహం

మన తెలుగు భాషలో నిప్పునకు వాడే మాటలనే మనస్సునకు కూడ వాడుతాము. మనిషి కోపంతో మండిపడతాడు. అవమానంతో లోలోపల కుమిలిపోతాడు. పగ రగులుతుంది, ఆవేశం చల్లారుతుంది. పైకి శాంతంగా కనిపించే వానిని నివురు గప్పిన నిప్పు అంటాము. ఈ మాటలను కూర్చినవారు పండితులు మాత్రమే కారు. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసిన తల్లులు, చలిమంట ముందు కూర్చున్న ముసలివారు వీటిని పలికి పలికి మనకు ఇచ్చారు. వారికి నిప్పు స్వభావం తెలుసును, మనిషి స్వభావమూ తెలుసును. రెండింటికీ వారు చూచిన ఆ పోలికను ఆధారంగా చేసుకొని ఒక పాత ధర్మసందేహాన్ని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ సందేహం ఇది. నిగ్రహం గొప్ప సద్గుణమని శాస్త్రాలు చెప్పాయి, పెద్దలు చెప్పారు, ప్రతి పండుగనాడు మన మందిరాలలో ఉపన్యాసకులు చెబుతూనే ఉన్నారు. కాని నిగ్రహమంటే ఏమిటి? కోపం వస్తే దానిని మింగివేయడమా? కోరిక కలిగితే దాని గొంతు నులిమివేయడమా? అదే నిగ్రహమైతే, బలవంతుడు బలహీనుని నోరు మూయించడానికీ, మనిషి తన నోటిని తానే అదుపులో ఉంచుకోవడానికీ భేదమెక్కడ ఉన్నది? ఐదేండ్ల ఒప్పందపు కాగితంపై వేలిముద్ర వేసి, మరొకరి ఆజ్ఞకు లోబడి బ్రతికినవారి సంతతి మనము. మనకు ఈ ప్రశ్న తర్కవినోదం కాదు. మన పూర్వుల మౌనాన్ని మనము ఏ దృష్టితో చూడవలెను, మన పిల్లలకు ఏ నిగ్రహాన్ని నేర్పవలెను అన్నది ఈ ప్రశ్నకు మనమిచ్చే సమాధానాన్ని బట్టి ఉంటుంది.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. నాటినుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. వారిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాడు జిల్లాలనుండి వచ్చిన తెలుగువారు అనేకులు. తోటలలోని బ్యారక్‌లలో వారి వంట మూడు రాళ్ళ పొయ్యి మీదనే సాగింది. ఒప్పందం ముగిసి, సొంత ఇండ్లు ఏర్పడిన తరువాత చాలమంది వంటగదులలోకి పోత ఇనుప పొయ్యి వచ్చింది. డోవర్ పొయ్యి అంటే నేటికీ ఈ దేశంలో పెద్దలందరికీ తెలుసును. దానిలో కట్టె గాని బొగ్గు గాని వేయవచ్చును. కట్టె ఎక్కువగా నల్ల వాటిల్ చెట్టుది. ఆ చెట్టు కూడ మనవలె సముద్రం దాటి వచ్చినదే. 1864లో ఆస్ట్రేలియా నుండి నేటాల్‌కు చేరి, తోలు పదును చేయడానికి తన బెరడును, పొయ్యికి తన కట్టెను ఇచ్చింది.

ఇనుప పొయ్యి ఇంటికి వచ్చినంత మాత్రాన వంట సులభం కాలేదు. మూడు రాళ్ళ పొయ్యికి గాలి నలువైపుల నుండి తనంతట తానే వచ్చేది. ఇనుప పొయ్యిలో ఆ గాలిని మనిషి ఇవ్వవలెను. బూడిద అర ముందు ఒక చిన్న తలుపు ఉంటుంది, దానిని జరిపితే క్రిందినుండి గాలి లోపలికి పోతుంది. వెనుక పొగగొట్టంలో ఒక ఇనుప రేకు ఉంటుంది, దానిని త్రిప్పితే పొగ పోయే దారి వెడల్పు కావడమో, ఇరుకు కావడమో జరుగుతుంది. ఈ రెండింటి నడుమ వంట చేసేవారి విద్య అంతా ఉన్నది. అన్నం ఉడకడానికి ఒక సెగ, పప్పు మగ్గడానికి ఒక సెగ, రొట్టె కాలడానికి మరొక సెగ. అంకెలు చూపే పరికరమేదీ లేకుండా, పొగ రంగును, మంట చప్పుడును, చేతికి తగిలే వేడిని బట్టి మన అమ్మమ్మలు దానిని నడిపారు.

ఆ విద్యలోని మర్మం తెలియవలెనంటే కట్టె ఎట్లు మండుతుందో మొదట తెలియవలెను. కట్టె మండడం ఒక్క పని కాదు, మూడు పనులు. మొదట దానిలోని నీరు ఆవిరి కావలెను. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగం వరకు నీరే ఉండవచ్చును. ఎండబెట్టి ఆ తేమను నూటికి ఇరువది పాళ్ళ లోపునకు తెచ్చిన తరువాతనే అది పొయ్యికి పనికివస్తుంది. రెండవది, సుమారు 200 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కట్టె విచ్చిపోయి, మండే స్వభావంగల వాయువులను విడుస్తుంది. కట్టెలోని శక్తిలో సగానికి పైగా ఈ వాయువులలోనే ఉన్నది. అవి పూర్తిగా మండవలెనంటే సుమారు 600 డిగ్రీల వేడి కావలెను, తగినంత గాలి కావలెను. మూడవది, వాయువులన్నీ పోయిన తరువాత మిగిలిన బొగ్గు ఎర్రగా, పొగ లేకుండ, నిదానంగా కాలడం. మనము మంట అని పిలిచేది చాలవరకు రెండవ దశను, నిప్పు అని పిలిచేది మూడవ దశను.

క్రొత్తగా పొయ్యి నేర్చుకునేవారు సాధారణంగా రెండు దారులలో ఏదో ఒక దారిని పడతారు. మొదటిది అన్నీ తెరిచివేయడం. క్రింది తలుపు తెరిచి, రేకు పూర్తిగా త్రిప్పితే మంట హోరుమని లేస్తుంది. చూడడానికి కన్నుల పండువుగా ఉంటుంది. కాని ఆ వేడిలో అధిక భాగం గొట్టం గుండా ఆకాశానికి పోతుంది. ఇల్లు వెచ్చబడదు, కూర అడుగంటుతుంది, సాయంత్రానికి సరిపోవలసిన కట్టె త్వరలోనే బూడిద అవుతుంది.

రెండవది దీనికి విరుద్ధమైనది. కట్టె పొదుపు కావలెనని, మంటకు భయపడి, అప్పుడే వేసిన కట్టెపై తలుపు మూసి, రేకు మూసివేయడం. మంట తగ్గుతుంది. చూచినవారు పొయ్యి అదుపులోనికి వచ్చిందని అనుకుంటారు. నిజానికి జరిగినది వేరు. గాలి లేదు గనుక మంట లేదు, కాని వేడి ఉన్నది గనుక కట్టె వాయువులను విడుస్తూనే ఉన్నది. మండని ఆ వాయువులు పొగయై, చల్లని గొట్టం గోడలకు తారువంటి జిగట మసియై పట్టుకుంటాయి. నెలల తరబడి అట్లు పేరుకొన్న మసి ఒకనాడు తానే అంటుకొని గొట్టమంతా మండిపోవచ్చును, ఇంటి కప్పునకే ముప్పు రావచ్చును. ఇంకొక అపాయం కంటికి కనిపించనిది. గాలి చాలక మండే నిప్పు కార్బన్ మోనాక్సైడ్ అనే రంగు, వాసన లేని వాయువును పుట్టిస్తుంది. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన బలంతో రక్తాన్ని పట్టుకుంటుంది. ఇంబావులా అని పిలిచే చిల్లుల డబ్బా కుంపటిని చలికాలపు రాత్రి మూసిన గదిలోనికి తెచ్చుకొని, నిద్రలోనే ప్రాణాలు విడిచినవారు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. ఎర్రని మంట చూచి మనము భయపడతాము. ప్రాణం తీసేది మాత్రం మంట లేని ఆ చప్పుడు చేయని కుములుడే.

అయితే గాలిని తగ్గించడమే తప్పా? కాదు. రాత్రి వంట ముగిసిన తరువాత ఇల్లాలు చేసే పనిని గమనించండి. కట్టె అంతా మండి, పొగ పూర్తిగా పోయి, ఎర్రని కణికలు మిగిలిన తరువాత వాటిని ఒకచోటికి చేర్చి, పైన బూడిద కప్పుతుంది. క్రింది తలుపును దాదాపు మూస్తుంది. గొట్టపు రేకును మాత్రం పూర్తిగా మూయదు, ఎందుకంటే కణికల ఊపిరి కూడ బయటికి పోవలెను. తెల్లవారి ఆ బూడిదను తొలగిస్తే లోపల నిప్పు సజీవంగా ఉంటుంది. నాలుగు చితుకులు వేసి, గొట్టంతో ఊదితే మరల మంట లేస్తుంది. అగ్గిపెట్టె కూడ అక్కరలేదు. ఇదియే నివురు గప్పిన నిప్పు.

పచ్చి కట్టెపై గాలి మూసినప్పుడూ, కణికలపై బూడిద కప్పినప్పుడూ పైకి కనిపించేది ఒకటే: మంట లేకపోవడం. లోపల జరిగేది మాత్రం పూర్తిగా భిన్నం. మొదటిదానిలో శక్తి విషంగాను, మసిగాను మారుతున్నది. రెండవదానిలో శక్తి రేపటికై నిలువ ఉంటున్నది. మొదటిది అణచివేత, రెండవది నిగ్రహం. పైకి మౌనంగా ఉన్న ఇద్దరు మనుష్యులను చూచి ఎవరు నిగ్రహవంతులో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

మన పెద్దలు ఈ విషయం ఎరుగనివారు కారు. భగవద్గీత మూడవ అధ్యాయంలోనే ప్రాణులన్నీ తమ ప్రకృతిని అనుసరిస్తాయనీ, నిర్బంధం వలన ఫలమేమనీ ప్రశ్న వినిపిస్తుంది. ఆరవ అధ్యాయంలో, అతిగా తినేవానికి యోగం లేనట్లే, బొత్తిగా తిననివానికి కూడ లేదని బోధ ఉన్నది. అనగా పొయ్యి తలుపు బార్లా తెరవడమూ యోగం కాదు, బిగించి మూయడమూ యోగం కాదు. సంస్కృతంలో నిగ్రహం, అనుగ్రహం, ఆగ్రహం అనే మూడు మాటలకూ ధాతువు ఒక్కటే, పట్టుకొనుట అని దాని అర్థం. మన తెలుగువారు ఇంకొక అడుగు ముందుకు వేసి, పట్టు ఒక్కటే చాలదు, పట్టూ విడుపూ ఉండవలెనన్నారు. ఎక్కడ పట్టవలెనో, ఎక్కడ విడువవలెనో తెలియడమే పొయ్యి విద్య, జీవన విద్య కూడ.

ఇప్పుడు ఈ భేదాన్ని మన చరిత్రకు అన్వయించి చూద్దాము. ఒప్పందపు కూలీకి మొదటి ఏట నెలకు పది షిల్లింగుల జీతం. 1895లో నేటాల్ ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన తరువాత తిరిగి ఒప్పందానికి ఒప్పుకొనక, స్వదేశానికీ పోక ఇక్కడనే స్వేచ్ఛగా ఉండదలచినవాడు ఏటేట మూడు పౌనులు పన్ను కట్టవలసివచ్చింది. అది ఆ మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతంతో సమానం. ఇది తలుపునూ రేకునూ రెండింటినీ బిగించడమే. అప్పటి వారి మౌనాన్ని చూచి, భారతీయులు ఓర్పుగలవారు, నెమ్మదస్తులు అని మెచ్చుకొన్న యజమానులు ఉండవచ్చును. కాని అది వారి ఓర్పునకు కొలత కాదు. గాలి తలుపు పిడి వారి చేతిలో లేదు.

1913లో ఆ మూసిన పొయ్యి పేలింది. అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనులలో మొదలైన సమ్మె నవంబరు నాటికి తీరప్రాంతపు చెరకు తోటలకు వ్యాపించింది. కొన్నిచోట్ల చెరకు చేలు తగులబడ్డాయి. పోలీసు కాల్పులలో కార్మికులు మరణించారు. అదే ఉద్యమంలో రెండవ స్వభావంగల అగ్ని కూడ కనిపించింది. అన్యాయాన్ని సహించము, అయినను ఎదుటివానిపై చేయి ఎత్తము అని స్త్రీలు, పురుషులు వరుసలుగా నడచి జైళ్ళకు పోయారు. గాంధీగారు ఈ మార్గానికి నిష్క్రియ ప్రతిఘటన అనే పాత పేరుతో తృప్తి పడక, సత్యాగ్రహమనే పేరును ఈ దేశంలోనే స్థిరపరచారు. అది నిష్క్రియ కాదు, బలహీనుని మౌనం కాదు. కోపాన్ని చంపలేదు, దానికి ఒక దారి, ఒక కొలత ఇచ్చింది. 1914లో భారతీయుల ఉపశమన చట్టంతో మూడు పౌనుల పన్ను రద్దయింది. ఒకే తోటలో, ఒకే నెలలో, ఒకే మనిషిలో కూడ అణచివేత నుండి పుట్టిన మంటా, నిగ్రహం నుండి పుట్టిన వెలుగూ ప్రక్కప్రక్కన ఉండియుండవచ్చును. మన పూర్వులను దేవతలుగా చేయనక్కరలేదు, దీనులుగా చూడనూ అక్కరలేదు. వారి మౌనంలో కొంత మసి ఉన్నది, కొంత నివురు ఉన్నది.

చరిత్రలోని యజమానిని నిందించడం సులభం. కాని ఆ పిడి ఒక్కొక్కప్పుడు మన చేతిలోనే ఉన్నదని మరువరాదు. మన ఇండ్లలో పొయ్యికి ఎంత గాలి కావలెనో అందరికంటె బాగుగ ఎరిగినది ఇల్లాలు. అట్టి ఇల్లాలి ఊపిరికి ఎంత గాలి కావలెనని అడిగినవారెందరు? కోడలు ఎదురు చెప్పకపోతే బుద్ధిమంతురాలన్నాము. చదువు ఆగిపోయిన ఆడపిల్ల కన్నీరు దాచుకొంటే ఓర్పుగలదన్నాము. సాధారణంగా నిగ్రహాన్ని ఎక్కువగా పొగిడేది దానిని ఇతరుల నుండి కోరేవాడే. ఇతరుల చేత బలవంతంగా మూయించిన తలుపునకు నిగ్రహమని పేరు పెట్టడం ధర్మం కాదు. తన తలుపు పిడి తన చేతిలో ఉన్నవానికే నిగ్రహం సద్గుణమవుతుంది. పిడి లేనివానికి ముందు కావలసినది ఉపదేశం కాదు, గాలి.

యువతరం విషయంలో కూడ ఇంతే. పిల్లలు మందిరానికి రారు, తెలుగు మాట్లాడరు, తమ ఇష్టప్రకారం పెండ్లి చేసుకొంటారు, దూరదేశాలకు పోతారు అని పెద్దల బాధ. ఆ బాధ నిజమైనదే. కాని పచ్చి కట్టెవంటి వయస్సు అది. నీరు ఆవిరి కావలెను, వాయువులు మండవలెను, కొంత చప్పుడు, కొంత మెరుపు తప్పవు. ఆ దశలో అన్ని తలుపులూ మూసి, ప్రశ్న అడిగితే కసరి, పేరు చెడుతుందని బెదిరిస్తే, మంట కనబడదు గాని పొగ మిగులుతుంది. పొమ్మనలేక పొగబెట్టినట్లు మన పిల్లలను మనమే గడప దాటిస్తాము. తరువాత వారు వెళ్ళిపోయారని విచారిస్తాము.

పూర్తిగా విడిచిపెట్టుటయే ప్రేమ అని వాదించేవారికి కూడ పొయ్యి దగ్గర సమాధానం ఉన్నది. తలుపు బార్లా తెరిచిన పొయ్యి ఎవరికీ వెచ్చదనం ఇవ్వదు, తనను తాను ఖర్చు చేసుకొని చల్లబడిపోతుంది. హద్దు లేని స్వేచ్ఛలో వెలుగు ఎక్కువ, వేడి తక్కువ. మరొక విశేషం గమనించండి. బొగ్గుకు క్రిందినుండి, కమ్ముల సందులగుండా గాలి కావలెను. కట్టె మాత్రం బూడిద పరుపు మీద ఉండి, పైనుండి వచ్చే గాలితోనే చక్కగా మండుతుంది. ఒకే పొయ్యి అయినను, లోపల వేసినదాని స్వభావాన్ని బట్టి గాలి దారి మారవలెను. అన్నకు పనికివచ్చిన క్రమశిక్షణ తమ్మునికి పనికిరాకపోవచ్చును. అందరికీ ఒకే కొలత పెట్టడం సమానత్వంగా కనిపిస్తుంది గాని, అది వండేవాని అజ్ఞానం.

మరి మన నిగ్రహం నిజమైనదో కాదో తెలుసుకొనుట ఎట్లు? మన అమ్మమ్మలకు తెలిసిన గుర్తులు చాలును. మొదటిది, పిడి ఎవరి చేతిలో ఉన్నదో చూడవలెను. రెండవది, గొట్టం చివర పొగను చూడవలెను. నల్లని పొగ వస్తున్నదంటే లోపల ఏదో సగం కాలి వృథా అవుతున్నది. కోపాన్ని అణచుకొన్నానని చెప్పుకొనేవాడు ఎత్తిపొడుపు మాటలతో, నిద్రలేమితో, తనకంటె బలహీనులైనవారిపై చిరాకుతో పొగ విడుస్తూ ఉంటే, అతనిది నిగ్రహం కాదు. మూడవది, తెల్లవారి బూడిద తీసి చూడవలెను. లోపల వెచ్చదనం మిగిలియున్నదా? అన్యాయాన్ని చూచినప్పుడు మరల మండగల శక్తి, ఆప్తులను చూచినప్పుడు కరుగగల మెత్తదనం మిగిలియుంటే అది నిగ్రహం. ఏమీ లేని చల్లని బొగ్గు మిగిలియుంటే, దానికి శాంతమని పేరు పెట్టడం ఆత్మవంచన.

ఈ మూడవ పరీక్షను మన సంఘానికి కూడ పెట్టవచ్చును. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించబడిననాటికే చాల ఇండ్లలో తెలుగు బూడిద క్రిందకు చేరుతున్నది. ఇంగ్లీషు పైమంట అయింది. తెలుగు భజనలలో, పెండ్లి తంతులో, అమ్మ, తాత అనే పిలుపులలో దాగియున్నది. 1996లో ఈ దేశపు రాజ్యాంగం తన ఆరవ విభాగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల పట్టికలో తెలుగును పేరు పెట్టి చేర్చింది. ఇది తలుపు తెరవడం. అయితే తెరిచిన తలుపునకు ఎదుట నిప్పు ఉండవలెను, ఊదేవారు ఉండవలెను. పోరుపెట్టి ఊదరగొడితే బూడిద కన్నులలో పడుతుంది. మెల్లగా, ఓపికగా, కణిక ఉన్నచోట ఊదవలెను. ఒక పాట, ఒక కథ, ఒక పిలుపు చితుకులవంటివి. పెద్ద కట్టెను ఒకేసారి కణికలపై పడవేస్తే ఉన్న నిప్పు కూడ ఆరిపోతుంది.

నేడు మన ఇండ్లలో విద్యుత్ పొయ్యిలు, గ్యాసు పొయ్యిలు వచ్చాయి. వాటి బొత్తాము త్రిప్పితే సెగ పెరుగుతుంది, త్రిప్పితే తగ్గుతుంది. ఆ సౌకర్యాన్ని నిందించవలసిన పని లేదు. పొగతో కన్నులు, ఊపిరితిత్తులు పాడైన తల్లులను తలచుకొంటే అది వరమే. 2023లో విద్యుత్ కోతలు తీవ్రమైనప్పుడు కొందరు మరల కట్టెల పొయ్యిని వెదకి, దానిని నడపడం మరచిపోయామని గ్రహించారు. పొయ్యి విద్యను మరచినా నష్టం కొద్దిదే. మనిషిని కూడ బొత్తాముతో త్రిప్పవచ్చునని అనుకోవడం మొదలైతే మాత్రం నష్టం పెద్దది. మనస్సునకు బొత్తాము లేదు. దానికి గాలి తలుపు, పొగగొట్టం, నివురు, మరియు దగ్గర కూర్చుని గమనించే ఓపిక మాత్రమే ఉన్నవి.

కావున సోదరసోదరీమణులారా, రాబోవు తరానికి కోపాన్ని అణచుకొమ్మని చెప్పేముందు, ఆ కోపానికి వెళ్ళే దారి ఒకటి మన ఇంట తెరిచి ఉన్నదా అని చూచుకుందాము. మౌనాన్ని మెచ్చుకొనేముందు, అది ఎవరు మూసిన తలుపో అడుగుదాము. పట్టవలసినచోట పట్టి, విడువవలసినచోట విడిచి, మనకు అందిన నిప్పును పొగ లేకుండ, ఆరిపోకుండ ముందువారికి అందించగలుగుదుము గాక.